అతుకుల బొంతలో అసలు బలం

ఒక పని పొందిక లేకుండా, ఎక్కడెక్కడి ముక్కలో తెచ్చి అతికించినట్టుగా ఉంటే దాన్ని ‘అతుకుల బొంత’ అని వెక్కిరిస్తాం. నాలుగు పుస్తకాలు చూసి ఎత్తిరాసిన వ్యాసాన్ని అంటాం. తలో దారి పట్టిన సభ్యులున్న సంఘాన్నీ అంటాం. కాని ఆ మాట అనేవాళ్ళు నిజమైన బొంతను ఎప్పుడైనా చేతిలోకి తీసుకుని పరీక్షగా చూశారా? చూసి ఉంటే ఆ మాటను తిట్టుగా వాడడానికి కాస్త వెనుకాడేవారు.

ఒక్కసారి ఆలోచించండి. కట్టుకోవడానికి పనికిరాని చీర ఒకటి. గట్టిగా లాగితే పిగిలిపోయే పంచె ఒకటి. మోచేతుల దగ్గర చిరిగిన చొక్కా ఒకటి. విడివిడిగా చూస్తే వీటిలో ఏదీ బలమైనది కాదు. కాని వీటిని ఒకదానిమీద ఒకటి పరిచి, సూదీ దారంతో కలిపి కుడితే తయారయ్యే బొంత ఏళ్ళ తరబడి మనుషుల బరువు మోస్తుంది. ఉతుకుళ్ళను తట్టుకుంటుంది. పుష్యమాసపు చలిని ఆపుతుంది. మూడు బలహీనమైన వస్తువులు కలిస్తే ఒక బలమైన వస్తువు ఎలా వచ్చింది? గుడ్డలో లేని బలం ఎక్కడినుంచి పుట్టింది?

ఈ ప్రశ్నకు జవాబు తెలుసుకుంటే బొంత ఒక్కటే కాదు, దారం ఎందుకు తెగదో, ఇటుక గోడ ఎందుకు నిలబడుతుందో కూడా అర్థమవుతుంది.

పొట్టి పోగులు, పొడుగు దారం

ముందు బొంతను పక్కన పెట్టి, ఒక నూలు దారాన్ని తీసుకోండి. దాని పురిని విప్పుతూ రెండు కొసలూ మెల్లగా లాగండి. పురి పూర్తిగా విడిపోయిన చోట దారం తెగినట్టు కాక, జారినట్టుగా విడిపోతుంది. కొసల్లో సన్నని నూగు కనిపిస్తుంది. ఆ నూగులోని ఒక్కొక్క వెంట్రుకే పత్తి పోగు. మనం సాధారణంగా వాడే పత్తిలో ఆ పోగు పొడవు ఇంచుమించు 2 నుంచి 3.5 సెంటీమీటర్లు మాత్రమే.

మరి 3 సెంటీమీటర్ల పోగులతో వంద మీటర్ల దారం ఎలా వచ్చింది? వాటిని ఎవరూ జిగురుతో అతికించలేదు, ముడులు వేయలేదు. వడికేటప్పుడు పురి తిప్పడంతో పోగులు ఒకదాన్నొకటి గట్టిగా అదుముకుంటాయి. అదుముకున్న కొద్దీ వాటిమధ్య ఘర్షణ పెరుగుతుంది. దారాన్ని లాగినప్పుడు ఒక పోగు ముగిసిన చోట దాని మీది బరువును పక్కనున్న పోగులు ఘర్షణ ద్వారా అందుకుంటాయి. అవి ముగిసేలోగా ఇంకొన్ని పోగులు మొదలై ఉంటాయి. 

ఇక్కడ ఒక ముఖ్యమైన షరతు ఉంది. పోగుల కొసలన్నీ ఒకే చోట ఉండకూడదు. ఉంటే దారం అక్కడ తెగిపోతుంది. కొసలు తలో చోట పడ్డాయి కాబట్టే దారం నిలిచింది.

ఈ సూత్రం తాపీ మేస్త్రీకి బాగా తెలుసు. గోడ కట్టేటప్పుడు కింది వరుసలో రెండు ఇటుకల మధ్య సందు వచ్చిన చోట, పై వరుసలో నిండు ఇటుక వచ్చేలా పేరుస్తాడు. సందు మీద సందు రానివ్వడు. వచ్చిందా, గోడ ఆ గీత వెంట పగుళ్ళిస్తుంది. ఈ సూత్రాన్నే గుడ్డలకు వర్తింపజేస్తే బొంత అవుతుంది.

మూడు చిరుగు పట్టీలు

ఇది మాటలతో నమ్మవలసిన పని లేదు. చేసి చూడవచ్చు.

పాత నూలు గుడ్డనుంచి 30 సెంటీమీటర్ల పొడవు, 4 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న పట్టీలు ఆరు కత్తిరించండి. మూడేసి చొప్పున రెండు జట్లు చేయండి. ప్రతి జట్టులో మొదటి పట్టీని పై కొసనుంచి 7 సెంటీమీటర్ల దగ్గర, రెండవదాన్ని 15 సెంటీమీటర్ల దగ్గర, మూడవదాన్ని 23 సెంటీమీటర్ల దగ్గర అడ్డంగా పూర్తిగా కోసేయండి. ఇప్పుడు ఏ పట్టీ కూడా నిండుగా లేదు. ప్రతిదీ రెండు ముక్కలే.

మొదటి జట్టులోని మూడు పట్టీలను, ముక్కలు వాటి వాటి స్థానాల్లోనే ఉంచి, ఒకదానిమీద ఒకటి పరచండి. పై కొసను పట్టుకుని ఎత్తండి. ఏం జరుగుతుంది? పై ముక్కలు చేతిలో ఉంటాయి. కింది ముక్కలు కింద పడతాయి. అది మోసిన బరువు సున్న.

రెండవ జట్టును కూడా అలాగే పరచి, పొడవునా మూడు వరుసల టాకాలు వేయండి. సూది పైకీ కిందికీ దిగుతూ ముందుకు సాగే మామూలు కుట్టు చాలు. టాకాకూ టాకాకూ అర సెంటీమీటరు ఎడం ఉంచండి. ఇప్పుడు రెండు కొసలనూ చెరొక కర్రకు చుట్టి గట్టిగా కట్టి, పై కర్రను వేలాడదీయండి. కింది కర్రకు ఒక ఖాళీ ప్లాస్టిక్ బకెట్ తగిలించండి. బకెట్ నేలకు ఒక జానెడు ఎత్తులో ఉంటే చాలు. దాని కింద ఎవరి కాళ్ళూ పెట్టవద్దు. చెంబుతో కొలిచి నీళ్ళు పోయండి. ఒక లీటరు నీరు ఒక కిలో బరువు కదా! ఎన్ని లీటర్లు మోసిందో రాసుకోండి.

పట్టీలు అవే. కోతలు అవే. మొదటి జట్టు తన బరువును తానే మోయలేకపోయింది. రెండవది బకెట్‌ను మోసింది. తేడా అంతా టాకాల్లోనే ఉంది.

కారణం ఇది. 7 సెంటీమీటర్ల దగ్గర మొదటి పట్టీ తెగి ఉంది. కాని అక్కడ రెండవది, మూడవది నిండుగా ఉన్నాయి. మొదటి పట్టీ మోయవలసిన బరువు టాకాల ద్వారా ఆ రెండింటికీ చేరుతుంది. 15 సెంటీమీటర్ల దగ్గర రెండవది తెగి ఉంది. అప్పుడు మొదటి పట్టీ కింది ముక్క, మూడవది ఆ భారం అందుకుంటాయి. పొడవులో మీరు ఎక్కడ చూసినా కనీసం రెండు పొరలు నిండుగా ఉంటాయి. బరువు కొసనుంచి కొసకు చేరడానికి ఎప్పుడూ ఒక దారి తెరిచే ఉంటుంది. టాకాలు గుడ్డకు కొత్త బలం ఇవ్వలేదు. ఒక పొరలో మిగిలి ఉన్న బలాన్ని ఇంకో పొరకు అవసరమైన చోట అందించాయి.

తరగతిలో ఈ ప్రయోగం చేయించినప్పుడు పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: “మూడు కోతలూ ఒకే చోట ఉంటే?” చేసి చూడండి. అన్నీ 15 సెంటీమీటర్ల దగ్గరే కోసి, ఎన్ని వరుసలు కుట్టినా, బరువంతా ఆ గీత దాటే దారపు పోగుల మీద పడుతుంది. మేస్త్రీ ఎందుకు సందు మీద సందు రానివ్వడో అప్పుడు మీ చేతికే తెలుస్తుంది.

వెయ్యింట ఒక్కటి

ఇప్పుడు చిన్న లెక్క. ఒక పాత చీరలో పదో వంతు చివికిపోయి ఉందని అనుకుందాం. అంటే గుడ్డ మీద కళ్ళు మూసుకుని ఎక్కడ వేలు పెట్టినా, అది చివికిన చోటు అయ్యే అవకాశం పదింట ఒకటి. అలాంటి చీరలు మూడు పరిచాం. మూడు పొరలూ ఒకే చోట చివికి ఉండే అవకాశం ఎంత?

1/10 × 1/10 × 1/10 = 1/1000

ఒక్క పొరలో పదో వంతుగా ఉన్న లోపం, మూడు పొరల్లో వెయ్యో వంతు అయింది. నాలుగో పొర వేస్తే పదివేలలో ఒకటి అవుతుంది.

కాని ఈ లెక్క నిజం కావాలంటే ఒక నియమం పాటించాలి. ఒక పొరలోని చివుకుకూ ఇంకో పొరలోని చివుకుకూ సంబంధం ఉండకూడదు. చీర విషయంలో ఇది తనంతట తాను జరగదు. చీర ఎక్కడ పడితే అక్కడ అరగదు. నేలకు, చెప్పులకు రాసుకునే కింది అంచు దగ్గర ముందు అరుగుతుంది. నడుము దగ్గర దోపుకునే చోట అరుగుతుంది. అయిదున్నర మీటర్ల చీరను పొడవులో మూడు మడతలు వేస్తే దాదాపు 1.8 మీటర్ల పొడవు, 1.15 మీటర్ల వెడల్పు ఉన్న మూడు పొరలు వస్తాయి. ఒక మనిషి పడుకోవడానికి చాలినంత. కాని అలా మడిస్తే కింది అంచు మూడు పొరల్లోనూ ఒకే పక్కకు వస్తుంది. మూడు చివుకులు ఒకే చోట పోగవుతాయి. అప్పుడు వెయ్యింట ఒకటి అనే లెక్క పనికిరాదు. 

అందుకు ఉపాయం తేలిక. చీరను మూడు ముక్కలు చేసి, నడిమి ముక్కను తల కిందులుగా తిప్పి పరిస్తే దాని కింది అంచు రెండో పక్కకు పోతుంది. ఒక పొరను నిలువుగా, ఇంకో పొరను అడ్డంగా పరిస్తే ఇంకా మంచిది. 

టాకాలో ఉన్న తెలివి

బొంతకు పెద్ద కుట్టుపని తెలియనవసరం లేదు. సూది పైకి, కిందికి దిగుతూ తిన్నగా సాగే కుట్టు చాలు. ఇది అన్నిటికన్నా సులువైన కుట్టు. కాని దీనిలో ఒక గొప్ప గుణం ఉంది. బియ్యపు బస్తా మూతి విప్పడం మీరు చూసే ఉంటారు. సరైన కొస పట్టుకుని లాగితే కుట్టంతా ఒక్క ఊపులో ఊడివస్తుంది. అది గొలుసు కుట్టు. ఒక లంకె రెండో లంకెను పట్టుకుని ఉంటుంది కాబట్టి, ఒకటి ఊడితే వరుసగా అన్నీ ఊడతాయి. బొంత కుట్టులో ఆ ప్రమాదం లేదు. ఒక టాకా తెగినా, దానికి అటూ ఇటూ ఉన్న టాకాలు గుడ్డ పొరల్లో పైకీ కిందికీ మెలికలు తిరిగి ఘర్షణతో బిగిసి ఉంటాయి. తెగిన నష్టం అక్కడే ఆగిపోతుంది.

దారం ఎంత బలమైనదైతే అంత మంచిదని అనుకుంటాం. అది పొరపాటు. పాత మెత్తని నూలు మీద నైలాన్ దారంతో కుడితే, బరువు పడినప్పుడు దారం తెగదు, గుడ్డే తెగుతుంది. సబ్బు బిళ్ళను సన్నని తీగ కోసినట్టు, గట్టి దారం గుడ్డను కోస్తుంది. దారం తెగితే మళ్ళీ కుట్టుకోవచ్చు. గుడ్డ తెగితే ఏం చేయగలం? అందుకే గుడ్డకు దీటైన నూలు దారమే వాడాలి. బెంగాల్‌లో ‘కాంథా’ అనే బొంతలు కుట్టే స్త్రీలు పాత చీరల రంగు అంచుల్లోంచి పోగులు లాగి, ఆ పోగులతోనే కుట్టేవారు. ఖర్చు కలిసి రావడం ఒక లాభం. గుడ్డ వయసూ దారం వయసూ ఒకటే కావడం రెండో లాభం.

ఇక శ్రమ లెక్క చూద్దాం. 1.8 మీటర్ల పొడవు, 1.2 మీటర్ల వెడల్పు ఉన్న బొంతలో 2 సెంటీమీటర్లకు ఒక వరుస చొప్పున 60 వరుసలు పడతాయి. మొత్తం పొడవు 60 × 1.8 = 108 మీటర్లు. సెంటీమీటరుకు ఒక టాకా చొప్పున 10,800 టాకాలు. నిమిషానికి 10 టాకాలు వేసినా 1,080 నిమిషాలు, అంటే 18 గంటలు. మీ ఇంట్లో చేత్తో కుట్టిన బొంత ఉంటే ఈసారి దాన్ని తొక్కుకుంటూ నడిచే ముందు ఈ లెక్క గుర్తు చేసుకోండి.

వెచ్చదనం గాలిది

బొంత మనకు వేడిని ఇవ్వదు. వేడి మన ఒంటిదే. అది బయటికి పోకుండా బొంత ఆపుతుంది. ఆపేది కూడా ప్రధానంగా గుడ్డ కాదు, గుడ్డ పొరల మధ్య చిక్కుకున్న గాలి. కదలని గాలి చాలా బలహీనమైన ఉష్ణవాహకం. గాలి కదిలితే మాత్రం సంవహనం వల్ల వేడిని మోసుకుపోతుంది. పొరలు చేసే పని గాలిని చిన్న చిన్న అరల్లో బంధించి కదలనివ్వకపోవడం.

ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. బలం కోసం టాకాలు దగ్గర దగ్గరగా వేసి దారాన్ని బిగిస్తే పొరలు అణిగిపోయి గాలికి చోటు ఉండదు. గాలికోసం టాకాలు దూరంగా వేస్తే పొరలు ఒకదానిమీద ఒకటి జారుతాయి, భారం పంచుకోవు. బలమూ వెచ్చదనమూ చెరో పక్కకు లాగుతాయన్నమాట. ఇంజనీర్లకు నిత్యం ఎదురయ్యే సమస్య ఇదే. అందుకే కింద పరుచుకునే బొంతకు వరుసలు దగ్గరగా, పైన కప్పుకునే బొంతకు కాస్త ఎడంగా వేయడం మంచిది. దారాన్ని కొద్దిగా లాగి వదిలితే గుడ్డ సన్నని అలల్లా ముడత పడుతుంది. ఆ ముడతల్లో గాలి నిలుస్తుంది. పైగా బొంతను లాగినప్పుడు ముందు ముడతలు సాగుతాయి, దారం మీద ఒక్కసారిగా దెబ్బ పడదు.

బొంత తడిస్తే చలి ఎందుకు వేస్తుందో ఇప్పుడు మీరే చెప్పగలరు. గాలి అరల్లోకి నీరు చేరుతుంది. నీరు వేడిని గాలికన్నా 20 రెట్లకు పైగా తేలికగా పోనిస్తుంది. పైగా ఆ నీరు ఆవిరి కావడానికి కావలసిన వేడిని కూడా మన ఒంటినుంచే తీసుకుంటుంది. బొంతను తరచు ఎండలో వేయడానికి ఇదొక కారణం. పరుపుల్లో, బొంతల్లో బతికే కంటికి కనిపించని ధూళి పురుగులకు తేమ కావాలి. ఎండ ఆ తేమను లాగేస్తుంది. అయితే అదే ఎండ రోజుల తరబడి తగిలితే పత్తిలోని సెల్యులోజ్ అణువుల గొలుసులు తెగి గుడ్డ చివుకుతుంది. గంటల ఎండ మంచిది, వారాల ఎండ చెడ్డది.

ఏ గుడ్డ పనికివస్తుంది?

కొత్త గుడ్డ గరుకుగా, పాత గుడ్డ మెత్తగా ఉండడం మనకు తెలుసు. నేతకు ముందు పడుగుకు పెట్టిన గంజి ఉతికిన కొద్దీ పోతుంది. బిగువుగా ఉన్న పోగులు సడలుతాయి. పసిపిల్లల పొత్తిగుడ్డలకు పాత చీర ముక్కలు ఏరుకోవడంలో ఉన్న మర్మం ఇదే. నూలుకు ఇంకో సుగుణం ఉంది. తడిసినప్పుడు దాని బలం తగ్గదు, కొంచెం పెరుగుతుంది. రేయాన్ అలా కాదు. తడిస్తే దాని బలం చాలావరకు పడిపోతుంది. అందుకే రేయాన్ చీర పొర ఉన్న బొంత ఉతుకులో ముందుగా అక్కడే చిరుగుతుంది.

పాత గుడ్డను ఎంచడానికి మూడు పరీక్షలు చాలు.

మొదటిది వెలుతురు పరీక్ష. గుడ్డను కిటికీకి అడ్డంగా పట్టుకోండి. పలచబడిన చోట్లు వెలుతురులో తెల్లగా కనిపిస్తాయి. వాటి చుట్టూ సుద్దముక్కతో గుర్తు పెట్టండి. రెండు పొరల గుర్తులు ఒకే చోట రాకుండా పరచవచ్చు.

రెండవది లాగుడు పరీక్ష. పడుగు దిశలో ఒకసారి, పేక దిశలో ఒకసారి రెండు చేతులతో లాగండి. ఏ దిశలోనూ పిగలకపోతే మంచిదే. ఒక దిశలోనే పిగిలితే లోపలి పొరగా వాడండి. ఏటవాలుగా లాగితే ఏ గుడ్డయినా సాగుతుంది, ఎందుకంటే అక్కడ పోగులు సాగడం లేదు, వాటిమధ్య కోణం మారుతోంది. అందుకే ఏటవాలుగా కత్తిరించిన ముక్కలు బొంత అంచుల్లో వాడితే అంచు వంకరపోతుంది.

మూడవది మంట పరీక్ష. ఇది పెద్దల ఎదుటే, నీళ్ళ పళ్ళెం దగ్గర పెట్టుకుని చేయాలి. గుడ్డ కాదు, నాలుగు పోగులు మాత్రమే చిమటాతో పట్టుకుని కాల్చాలి. నూలు కాగితంలా మండి మెత్తని బూడిద అవుతుంది. పట్టు, ఉన్ని వెంట్రుకలు కాలిన వాసన వేస్తాయి. పాలియెస్టర్ కరిగి గట్టి పూసలా తయారవుతుంది. ఆ కరిగిన బొట్టు చర్మానికి అంటుకుని కాల్చగలదు కాబట్టి, పొయ్యి దగ్గర వాడే మసిగుడ్డలకు పాలియెస్టర్ ముక్కలు ఎన్నడూ వాడకూడదు.

కొత్త గుడ్డను పాతదానితో కలపవలసివస్తే దాన్ని ముందు రెండుమూడు సార్లు ఉతకండి. కొత్త నూలు ఉతుకులో కుంచించుకుపోతుంది. పాతది కుంచించుకునేది ఎప్పుడో అయిపోయింది. రెండూ కలిపి కుట్టి ఉతికితే కొత్త మాసిక పాత గుడ్డను అంచుల దగ్గర లాగి చింపుతుంది.

కత్తెర పెట్టకూడని గుడ్డలు కూడా ఉన్నాయి. పాత పట్టుచీర మడతల దగ్గరే చీలుతుంది. సూది గుచ్చితే ఆ రంధ్రాల వరుస వెంట ఇంకా తొందరగా చీలుతుంది. పాత కలంకారీ గుడ్డ ఉంటే దాని నల్లగీతలను పరీక్షగా చూడండి. శ్రీకాళహస్తి కలంకారీలో నలుపు కోసం బెల్లం నీళ్ళలో ఇనుప ముక్కలు ఊరబెట్టి తీసిన ద్రావణాన్ని, కరక్కాయలో నానిన గుడ్డ మీద పూస్తారు. అందమైన నలుపే వస్తుంది. కాని దశాబ్దాలు గడిచాక ఆ ఇనుమే సెల్యులోజ్ ఆక్సీకరణను త్వరపరుస్తుంది. అందుకే పాత అద్దకపు గుడ్డల్లో మిగతా బట్ట బాగానే ఉండి, నలుపు ఉన్న చోట మాత్రం రాలిపోతూ ఉంటుంది. అలాంటి గుడ్డ బొంతకు పనికిరాదు. చదునుగా, చీకట్లో, వెడల్పాటి మడతలతో దాచుకోవలసినది అది. ఒక్కసారి కత్తిరించిన తరువాత దాన్ని మళ్ళీ నిండు గుడ్డ చేయడం ఎవరివల్లా కాదు.

నలుదిక్కులా బొంతలే

మనం బొంత అన్నదాన్ని కన్నడిగులు కౌది అంటారు. మరాఠీవారు గోధడి అంటారు. సింధు ప్రాంతంలో రల్లీ అంటారు. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లా అడవుల్లో సిద్దీలు అనే ప్రజలున్నారు. వారి పూర్వీకులు ఆఫ్రికానుంచి వచ్చినవారు. వారి బొంత పేరు కవంది. దాన్ని అంచునుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడిమికి కుట్టుకుంటూ వస్తారు. చివరికి నాలుగు మూలలకూ చిన్న గుడ్డ పూలు కుడతారు.

జపాన్ ఉత్తర ప్రాంతమైన తొహొకు చలికి పత్తి పండదు. అక్కడి రైతులు దూరప్రాంతాలనుంచి ఓడల్లో వచ్చే పాత నూలు గుడ్డలు కొని, పొర మీద పొర వేసి కుట్టుకునేవారు. తరతరాలుగా మాసికలు పడిన ఆ బట్టలను బోరో అంటారు. అమెరికాలో అలబామా రాష్ట్రంలోని జీస్ బెండ్ అనే చిన్న పల్లెలో, బానిసత్వం అనుభవించిన నల్లజాతివారి సంతతికి చెందిన స్త్రీలు పొలం పనిలో అరిగిన బట్టలతో బొంతలు కుట్టారు. ఆ బొంతలను 2002లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియంలో ప్రదర్శించారు. 2006లో అమెరికా తపాలా శాఖ వాటి బొమ్మలతో స్టాంపులు వేసింది. 

సముద్రాల దూరంలో ఉన్నవారంతా ఒకే ఉపాయానికి చేరారంటే కారణం ఉంది. చలి అందరికీ ఒకటే. చివికిన గుడ్డ గుణం ఒకటే. ఘర్షణ నియమమూ ఒకటే.

గుడ్డను గుడ్డగానే

పాత బట్టలను యంత్రాల్లో పీకి, మళ్ళీ పోగులు చేసి, దుప్పట్లు నేసే పరిశ్రమ మన దేశంలో హర్యానాలోని పానిపట్‌లో పెద్ద ఎత్తున ఉంది. మంచి పనే. కాని పీకేటప్పుడు పోగులు తెగి పొట్టివవుతాయి. పోగు పొట్టిదైతే పక్కపోగుతో దాని పట్టు తగ్గుతుందని మనం పైన చూశాం. అందుకే ఆ నూలు ముతకగా ఉంటుంది. బలం చాలకపోతే దానిలో కొత్త పొడుగు పోగులు కలపవలసివస్తుంది.

కాబట్టి వరుస ఇలా ఉండాలి. చిరిగిన బట్టకు ముందు మాసిక వేసి కట్టుకోవాలి. కట్టుకోవడానికి పనికిరాకపోతే బొంతలో పొర చేయాలి. బొంత కూడా చివికితే దాన్నే ఇంకో బొంతకు లోపలి పొర చేయవచ్చు. ఆ తరువాతే మసిగుడ్డ. అన్నిటికన్నా చివర యంత్రం. ఒక కిలో నూలు బట్ట తయారు కావడానికి, పొలంలో పడే వాననీటితో కలిపి, ప్రపంచ సగటున సుమారు 10,000 లీటర్ల నీరు కావాలని అంచనా. ఒక చీరను చెత్తకుప్పలో వేయడం అంటే ఆ నీటినీ, పండించిన రైతు చాకిరీనీ, నేసిన మగ్గం శ్రమనూ కుప్పలో వేయడమే.

మీరు చేయవలసిన పని

పెద్ద బొంత అక్కరలేదు. తరగతి గదిలో కింద కూర్చోవడానికి 45 సెంటీమీటర్ల చదరపు ఆసనం ఒకటి కుట్టండి. పాత నూలు గుడ్డ నాలుగు పొరలు తీసుకోండి. పలచబడిన చోట్లు గుర్తుపెట్టి, అవి ఒకదానిమీద ఒకటి రాకుండా తిప్పి పరచండి. నేలమీద పరిచి, నడిమినుంచి అంచులవైపు అరచేత్తో సాఫు చేసి, పెద్ద పెద్ద తాత్కాలిక టాకాలతో బంధించండి. తరువాత 2 సెంటీమీటర్ల ఎడంతో వరుసలు కుట్టండి. సూదిని నెట్టే వేలికి లోహపు తొడుగు పెట్టుకోండి. సూది తల కూడా చిన్నదే, పీడనం వేలి మీదా పడుతుంది. చివరికి అంచులు లోపలికి మడిచి కుట్టేయండి.

కుట్టడం అయ్యాక ఇంట్లోనో వీధిలోనో బొంతలు కుట్టిన పెద్దవాళ్ళ దగ్గర కూర్చోండి. ఈ ప్రశ్నలు అడిగి జవాబులు నోటు పుస్తకంలో రాయండి. వరుసకూ వరుసకూ మధ్య ఎన్ని వేళ్ళ ఎడం పెట్టేవారు? పరుచుకునేదానికీ కప్పుకునేదానికీ ఆ ఎడంలో తేడా ఉండేదా? చీర కింది అంచును ఏం చేసేవారు? దారం ఎక్కడినుంచి తెచ్చేవారు? ఏ గుడ్డను బొంతలో వేయకూడదని చెప్పేవారు? మొదట వాళ్ళు “ఇందులో ఏముంది, అందరూ కుట్టేదే” అంటారు. వదలకండి, మళ్ళీ అడగండి. ఈ సంగతుల్లో చాలావరకు ఏ పుస్తకంలోనూ లేవు. చెప్పగలవారు ఉన్నప్పుడే అడిగి రాసుకోవాలి.